రేపటికి పోతుందా

చెయ్యి చాపండి, బెల్మీరు గారూ.
చల్లగా తగిలింది దూది, సూది కాదు.
సూదికంటే ముందు నా ప్రశ్నలున్నాయి.
తొందరేం లేదు,
బయట పోర్తో వానకీ తొందర లేదు.

క్రియాటినిన్ ఎంతొచ్చింది?
ఎప్పటి కాగితం ఇది, పోయిన చలికాలందా?
షుగర్ మాత్ర పేరేమిటి?
ఇదివరకు ఈ మందు పడినప్పుడు
దద్దుర్లు లేచాయా, ఊపిరాడలేదా?

రొయ్యలు పడవంటారా!
నలభై ఏళ్లు వలలు బాగుచేసిన మనిషికి.
నవ్వానని ఏమనుకోకండి.
రొయ్యల గొడవ వేరు, ఈ అయోడిన్ సంగతి వేరు.
పాత పుకారది,
మా వార్డుల్లో ఇంకా రిటైరవ్వలేదు.
అయినా రాసుకుంటాను.
అడగకుండా వదిలేసినదేదీ
మా ఇంట్లో చిన్నది కాలేదు.

ఇక్కణ్నుంచి పైకి అనను.
మీ చేతికి పట్టీ బిగిస్తూ నాలో నేనే.

మా అమ్మమ్మ జుల్మీర
మతుజీన్యుష్ రేవులో, డబ్బాల ఫ్యాక్టరీలో,
సార్డీన్ తలలు తుంచేది.
నలభై ఏడులో తలనొప్పి పట్టుకుంది.
పడవలొచ్చాయని సైరన్ మోగితే చాలు
గోడకేసి నుదురు ఆనించుకునేదట.
మెడ దగ్గర కోసి, రక్తనాళంలోకి
ఒక మందు ఎక్కించి పటం తీశారు.
మంట లేదు, వాంతి లేదు, దద్దురు లేదు.
ఇంత సాధువైన మందు లేదని
డాక్టర్లు మురిసిపోయిన రోజులు.
లోపలికెళ్లింది బయటికెప్పుడొస్తుందని
ఆ గదిలో ఎవరూ అడగలేదు.
తలలో ఏమీ లేదన్నారు.
అమ్మమ్మ ట్రామెక్కి పనికెళ్లింది.

ముప్పై రెండేళ్లకి
తడి మెట్ల మీద జారి పక్కటెముక విరిగితే
మామూలు ఎక్స్‌రే.
ఏ మందూ ఎక్కించలేదు.
ఫిల్మ్ మీద కాలేయం
ఉప్పు పోసిన సంచిలా తెల్లగా,
పక్కన ప్లీహం, ఇంకా తెల్లగా.
పటం తీసినాయన వెలుతురుకేసి పట్టుకుని
చాలాసేపు మాట్లాడలేదట.
చివరికి, ఏం తిన్నావమ్మా, అన్నాడట.

థోరియం.
అది అరిగేలోపు కొండలు అరుగుతాయి.
అమ్మమ్మకి అంత వ్యవధి లేదు, నాలుగేళ్లు.
ఆ నాలుగేళ్లూ కణితి
ఆమెకంటే ముందు నిద్రలేచేది.
ఆస్పత్రి మంచం మీద, నాకప్పుడు తొమ్మిదేళ్లు,
నా జడ సరిచేస్తూ అంది:
ఆ డాక్టరు మంచివాడే పాపా,
నా పేరు అడిగాడు.

ఇప్పుడు పైకి.
ఇది పడగానే ఒళ్లంతా గుప్పున వేడెక్కుతుంది.
నోట్లో పాత నాణెం రుచి.
ప్యాంటు తడిసిందేమో అనిపిస్తుంది, తడవదు.
ఇక్కడ పడుకున్న ప్రతివాళ్లూ
ఒకసారి కిందికి చూసుకున్నవాళ్లే,
ఒక పాదిరి గారితో సహా.

రేపటికి పోతుందా అంటున్నారు.
మీ మూత్రపిండాలు కాగితం మీద ఉన్నట్టే ఉంటే
రేపు ఈ వేళకి, దాదాపు అంతా.
నీళ్లు తాగుతూ ఉండండి.
పక్క గది ఎమ్మారై వాళ్లది వేరే మందు, గాడోలినియం.
అందులో పిసరంత ఎముకల్లో మిగులుతుందంటారు.
మిగిలి ఏం చేస్తుందో పూర్తిగా తెలియదు.
ఈ తెలియదన్న మాట
జంకకుండా నా నోటికి రావడానికి
పదకొండేళ్ల ఉద్యోగం పట్టింది.

వద్దంటే వద్దనండి, సంతకం మీది.
కానీ మందు లేకుండా తీస్తే
మీ క్లోమం మీది ఆ మచ్చ
పొగమంచులో పడవలాంటిది.
వస్తోందో, పోతోందో,
అసలు పడవేనో కాదో
మీకు తెలుసు, రేవులో పెరిగినవారు.

సరే అన్నారు.
సూది ఇదిగో.
నేను అద్దం వెనకే ఉంటాను, ఈ గంట మీ గుప్పిట్లో.
దురద పుట్టినా నొక్కండి, భయమేసినా నొక్కండి,
రొయ్యలు గుర్తొచ్చినా సరే.
అయ్యాక కూడా అరగంట కూర్చోబెడతాను,
విసుక్కోండి, పరవాలేదు.

ఊపిరి బిగబట్టమని మెషిన్ చెబుతుంది,
ఆ గొంతు నాది కాదు.
వదలమని మాత్రం
నేనే చెబుతాను.