గసాలకి చుట్టం

సెమిలిగుడలో చలి ముందు మోకాళ్లకి తెలుస్తుంది,
తర్వాతే పొగమంచుకి.
అలాంటి ఒక కార్తీకపు పొద్దున
మినతీ అపా నా కుట్టుమిషను మీద
మందుచీటీ మడత ఒకటి పెట్టి
"ఊపిరి బిగబట్టి విప్పు" అంది.

తుమ్మితే తోటంతా ఎగిరిపోయేటట్టుంది.
ముక్కుపొడుం కన్నా సన్నం, బూడిద రంగు.
గసాలా అన్నాను.
"కాదు, గసాలకి చుట్టం.
కూరలోకి రాదు, కంటికే" అంది,
తన ఒడియాకీ నా తెలుగుకీ మధ్య
మేమిద్దరం అతుకులేసి కుట్టుకున్న భాషలో.

గింజంటే వేలి కణుపు లోతున దించి
మన్ను కప్పి మరిచిపోవాలని మా అమ్మ.
చిక్కుడు అలాగే వచ్చింది, ఆనప అలాగే వచ్చింది.
వీటిని కప్పకూడదట.
వెలుతురు తగలకపోతే లేవవట.
ఈ చలిలో, దుప్పటి లేకుండా పడుకోబెట్టాలట.

ఉప్పుడబ్బా కడిగి ఆరబెట్టి
మూతకి మేకుతో కన్నాలు పొడిచి
గుప్పెడు కొలాబు ఇసకలో గింజలు కలిపి
రేకుల షెడ్డు పక్క ఎర్రమట్టి మీద చల్లాను.
ఇసక తెల్లగా ఎక్కడ పడితే అక్కడ ఉన్నట్టు.
చీమలకీ ఆ లెక్క తెలిసిపోయింది.
రెండు రోజులు వరసకట్టి మోశాయి.
గట్టు మీద చారెడు బియ్యప్పిండి పోశాను,
లంచం.

పదమూడో నాడు మోకాళ్ల మీద కూచున్నాను:
నాచా, మొలకా?
సూదిలో దారం ఎక్కించే కళ్లకే ఆనలేదు.

అసలు కష్టం తర్వాత.
జానెడుకొకటి ఉంచి మిగతావి తీసెయ్యాలి.
ఇంకోచోట నాటుదామంటే
వేరు కదిలితే చాలు, అలిగి చచ్చిపోతుంది.
నేను జాకెట్టు ముక్క పారెయ్యని మనిషిని,
చీలికలు కూడా బొంతకని మూటకట్టే మనిషిని.
పీకలేక కత్తెర తెచ్చి
ఒక్కోదాన్నీ మొదట్లో కత్తిరించాను.
ఆ మధ్యాహ్నం ఒకరి జాకెట్టుకి
రెండు చేతులూ ఎడంవే కుట్టాను.

మాఘంలో మొగ్గ.
ఒళ్లంతా నూగు, తల వేలేసుకుని,
ఎవరో తిట్టినట్టు.
నీళ్లు చాల్లేదేమోనని పోశాను,
ఎక్కువయ్యాయేమోనని మానేశాను.
అయిదో రోజు దానంతటదే మెడ నిలబెట్టింది.
మర్నాడు టోపీ రెండు చెక్కలై ఊడిపడింది.

లోపల పట్టు.
గుండీ అంత గదిలో ఎవరు కుక్కారో గానీ
గజాలకొద్దీ ఎర్రపట్టు, అంతా నలిగి.
సాపు చేద్దామని వేలు చాచి, ఆగాను.
ఎండొచ్చి అరగంటలో ముడతలన్నీ తీసేసింది.
ఇరవై రెండేళ్లుగా బొగ్గుల పెట్టె తోస్తున్నాను,
ఒక్కసారీ అంత బాగా రాలేదు.

ఆ పూటే అబ్కారీ జీపు ఆగింది.
మా కొండల్లో ఆకుని చూసి మనిషిని పట్టుకుంటారు.
కుర్ర జవాను. ఛాతీ మీద పాంగి అని పేరు.
"ఏం మొక్క ఇది?"
"గసాలకి చుట్టం సార్."
అనేశాక నాలుక కరుచుకున్నాను.
కొన్ని చోట్ల చుట్టరికం చెప్పుకోకూడదు.
ఫోనులో నాలుగు ఫోటోలు తీసుకున్నాడు.
"సోమవారం పెద్దసారొస్తారు. ముట్టుకోవద్దు."

సోమవారానికి రేకులన్నీ మట్టిలో ఉన్నాయి.
పెద్దసారు గొంతుక్కూచుని
కాడని బొటనవేలితో రుద్దాడు.
"నూగుంది. అది నున్నగా ఉంటుంది. ఇది అది కాదు."
లేచి చుట్టూ చూశాడు.
"పువ్వేదీ?"
ఒక్కరోజుదే సార్, అన్నాను.
ఇందులో ఉంది సార్, అన్నాడు పాంగి.
ఆయన ఫోను తీసుకుని
రెండు వేళ్లతో పెద్దది చేశాడు.
ఇంకా పెద్దది చేశాడు.
జీపు ఇంజను ఆగకుండా మోగుతూనే ఉంది.

ఫాల్గుణం చివర కాయలెండాయి.
మూత, మూతకింద చుట్టూ కిటికీలు,
ఊపితే గలగల.
నేను మేకుతో పొడిచిన కన్నాలకన్నా
పనితనం ఎక్కువ.

చొక్కా గుండీ కుట్టమని పాంగి వచ్చాడు.
గుండీలన్నీ ఉన్నాయి.
ఇద్దరం కాసేపు వాటినే చూశాం.
కొలతల పుస్తకంలో కాగితం చింపి
చిటికెడు పోసి మడిచాను.
పైన రాద్దామంటే దాని పేరు నాకు రాదు.
"కప్పొద్దు" అని రాశాను, తెలుగులో.
అతను చదవలేడని గుర్తొచ్చి
వీధి మలుపు దాకా వెనకే వెళ్లి
నోటితో చెప్పాను.