ముప్పైరెండు నట్టు

చించినాడ వంతెన దిగితే ఎడంచేతి పక్క
నీలం పట్టా కింద నా టైరు కొట్టు.
రోజుకి పద్నాలుగు లారీలు, రొయ్యల బళ్లే ఎక్కువ.
ఐసు కరిగి ఉప్పునీళ్లు హబ్బు మీద కారి కారి
నట్టూ బోల్టూ దాయాదుల్లా బిగుసుకుపోతాయి.
మాటా ఉండదు, వదలడమూ ఉండదు.

ఇన్నాళ్లూ పానాకి బోరింగు గొట్టం తొడిగి
దాని చివర నా ఎనభై కేజీలూ ఎక్కి తొక్కేవాణ్ని.
మా గురువు మీరాసాహెబు ఆ గొట్టం మీదే పాతికేళ్లు ఎగిరి
ముద్ద నోటిదాకా ఎత్తలేని భుజంతో ఇంటికెళ్లాడు.
మొన్న చొక్కా విప్పుతుంటే
నా కుడిభుజం కూడా పలికింది.

మంగళవారం పాలకొల్లు బస్సెక్కాను.
గోనెసంచిలో పాత హబ్బు, దానికి
మూడేళ్లుగా ఎవడికీ లొంగని ఆరు ముప్పైరెండు నట్లు.
"ఏంటండీ అది, పనసకాయా?" అన్నాడు కండక్టరు.
"పెళ్లిచూపులకండి. పిల్ల తరఫు."

తాతబ్బాయిగారు మూడు పెట్టెలు విప్పారు.
తీగ లేని గన్నులు.
మొదటిది నిమ్మపండు రంగు, చేతిలో పిచ్చుకంత.
పెట్టె మీద అంకె చూస్తే వంతెననే ఊడదీసేలా ఉంది.
టకటకటక...
నట్టు నన్ను చూసింది, నేను నట్టుని చూశాను.
"అది కార్లకండి, ఆయ్" అన్నారాయన, ఇప్పుడు.

రెండోది ఒకటి తీసింది. ఇంకోటీ తీసింది.
మూడోదానికి దాని ముక్కు ముట్టుకుంటే
అప్పుడే దించిన అట్లపెనం.
రోహిణి కార్తెలో, తారు మీద, మిట్టమధ్యాహ్నం
ఇది నా పక్కన నిలబడుతుందా?

మూడోది బూడిదరంగు గేదె. బరువు.
గుబ్, గుబ్, గుబ్.
ఎర్రగా తుప్పు రాలింది.
నట్టు నిట్టూర్చి తిరిగింది.

అయినా జేబులో చెయ్యి పెట్టలేదు.
బురదలో పడితే?
బ్యాటరీ చచ్చిపోతే అదే కొలతది దొరుకుతుందా,
దాంతోపాటు మిషన్నీ పూడ్చాలా?
లోపల సుత్తి అరిగితే విప్పేవాడెవడు?

జవాబు చెప్పకుండా ఆయన వీధిలోకి కేకేశారు.
జకరయ్యొచ్చాడు. గళ్ల లుంగీ, నుదుటి మీద కళ్లద్దాలు.
నమూనా గన్ను మరలు తీసి కడుపు విప్పి చూపించాడు.
"సుత్తి దొరుకుద్ది. బేరింగులు దొరుకుతాయి.
ఇది మాత్రం దొరకదు" అని
చిటికెనవేలంత పచ్చ పలక మీద వేలు పెట్టాడు.
"తడి తగలనీకు. రాత్రి కొట్లో వదిలెయ్యకు."
ఆ 'దొరకదు' విన్నాకే కొన్నాను.
పదకొండు వాయిదాలు.

దార్లో దిగి మీరాసాహెబుకి చూపించాను.
ఎడంచేత్తో పట్టుకుని మీట నొక్కాడు.
మంచం కింద కోడి లేచి పారిపోయింది.
చాలాసేపు నవ్వి, తర్వాత అన్నాడు:
"మనకి భుజం నొప్పెడితే ఆగేవాళ్లం.
దీనికి నొప్పి తెలీదురా.
బోల్టు తెగేదాకా తిప్పుద్ది."

ఇప్పుడు ఊడదియ్యడం గన్నుతో.
బిగించేటప్పుడు చివరి పావు మలుపు
పానాతోనే, చేత్తోనే.
కొత్తగా చేరిన ఏసుదాసు అడిగాడు,
"గొట్టం పాతినుముకి వేసెయ్యనా బాబాయ్?"
పట్టా గాలికి లేస్తోంది.
దాని మీద పెట్టమన్నాను.