శాంపిల్ నంబర్ పదిహేడు

సోమల బస్సు దిగి
తిరుపతిలో ఇంకెక్కడా ఆగకుండా
నేరుగా మా ల్యాబుకే వచ్చింది దొరసానమ్మ.
పాత చీర గుడ్డలో మూడు ముళ్ళు.
ఒకదాంట్లో అనుములు, ఒకదాంట్లో పిల్లిపెసర,
మూడోది పంటితో విప్పింది,
కాలిన పెంకు రంగులో
ఉలవలు.

ఫారంలో గడులు నింపాలి నేను.
రకం పేరు?
"మా అత్త రకం."
ఎరువు?
"యాడ్నించి వొస్తాది?"
నీటి తడులు?
నవ్వింది. "మంచు పడింది పాపా."

గడిలో మంచు అని రాయకూడదు.
వర్షాధారం అని రాశాను.
ఆ వర్షమే రాలేదని
ఆ తర్వాత చెప్పింది, బెంచీ మీద కూచుని,
మా సీసాల్ని ఒక్కొక్కటే చూస్తా.

శెనిక్కాయ ఊడలు దిగే వేళకు
వాన మొగం చాటేసిందంట.
చెట్టు పీకి చూస్తే కాయ లేదు,
బ్యాంకు అప్పు మాత్రం బాగా ఊరింది.
హస్త కార్తెలో ఒక్క పదును దొరికితే
ఆ ఎండిన చేన్లోనే మడక తోలించి
మూడు శేర్లు చల్లిందంట, కోపంగా,
ఎవరి మీదో రాళ్ళు విసిరినట్టు.

రాళ్ళు మొలిచినాయి.

మూట కట్టుకుని పుంగనూరు మండీకి పోతే
"ఉలవలా? తినేదానికి ఎద్దులేడుండాయమ్మా?"
నిజమే. ట్రాక్టరు ఉలవలు తినదు.
మనుషులు తింటారనే సంగతి
త్రాసు దగ్గర ఎవరికీ గుర్తు రాలేదు.

పదిహేడో నంబరు చీటీ అంటించి
పొడి చేసి, అర గ్రాము తూచి
ఆమ్లంలో మూడు గంటలు ఉడికించాను.
ఉలవ కట్టు కాగే వాసన కాదు అది,
గొంతు పట్టేసే తెల్ల పొగ.
మా అమ్మ కూడా ఉడకబెట్టేది.
వంచిన నీళ్ళు మా సంగట్లోకి,
గింజలు పక్కింటి పాడావుకు.
అన్నేండ్లూ మేం రుచి తాగాం.
బలం ఆవు తినింది.

తర్వాత బొట్టు బొట్టుగా.
పచ్చటి నీళ్ళు పచ్చగానే ఉంటాయి, ఉంటాయి,
ఊపిరి బిగబట్టి ఇంకొక్క బొట్టు వదిలితే
ఉల్లిపొర రంగుకు తిరుగుతాయి.
అక్కడ ఆపాలి.
వచ్చిన నైట్రోజన్ని ఆరుంపావుతో హెచ్చిస్తే
ఇరవై రెండు.
నమ్మక మళ్ళీ చేశాను.
ఇరవై రెండుకు ఒక వెంట్రుక వాసి ఎక్కువే.

మా తమ్ముడు జిమ్ముకు పోతాడు.
వాడి గదిలో పులిబొమ్మ డబ్బా ఒకటి,
ధర నా జీతంలో ఆరో వంతు,
వచ్చింది ఏ సముద్రం దాటో.
ఒక చెంచా దొంగిలించి
దీని పక్కనే ఉడికించి చూద్దామనుకున్నాను.
చూడలేదు. పాపం, వాడు డబ్బులు కట్టేశాడు.
ఆ రాత్రి మాత్రం ఉలవలు నానబోశాను,
నీళ్ళు వంచకుండా, గింజల్తో సహా రుబ్బి
సంగట్లోకి వేశాను.
"ఇదేంది, ఎద్దుల కూడు" అన్నాడు వాడు.
రెండో ముద్ద అడిగాడు.

రిపోర్టు టైపు కాకముందే
ఫోను చేశాను దొరసానమ్మకు.
అవతల మేకలు అరుస్తున్నాయి.
"ఇరవై రెండు వచ్చింది."
"ఎంతకు?"
"నూటికి."
కాసేపు మేకలే మాట్లాడినాయి.
"పాసు కాలేదా అయితే? ముప్పై అయిదు రావాల గదా."

ఏం చెప్పాలో తోచక,
బియ్యానికి ఏడే వస్తుందమ్మా అన్నాను.

"అయ్యో, ఏడేనా," అనింది,
పొరుగింటి బిడ్డ తప్పిందని విన్నట్టు,
నిజంగా నొచ్చుకుని.
ఆమె ఇంటికి నెల నెలా వచ్చేది ఆ ఏడే.

పెట్టేయబోతుంటే మళ్ళీ పిలిచింది.
"పాపా, గింజలు ఏమన్నా చేసుకో.
ఆ గుడ్డ మాత్రం పారేయొద్దు.
వొచ్చే కార్తెకు విత్తనం దాంట్లోనే కట్టాల."