బరువు కావాలి

రాత్రి తొమ్మిదిన్నర.
సారెమా దీవిలో జూన్ ఎండ
ఇంకా మా వంటింటి గోడ దిగలేదు.
టీలో చెంచా తిప్పుతున్నాను ఎడమచేత్తో.
కుడి భుజం చలికాలం నుంచీ
లేవనని మొండికేసింది.

తలుపు కొట్టింది పక్కింటి మిర్తెల్.
తొమ్మిదేళ్ళది, ముందు పన్ను లేదు.
"ఉర్వె అత్తా, బరువు కావాలి."
"ఏం బరువే?"
"నువ్వే."

ముప్ఫై ఒక్క ఏళ్ళు చేపల కార్ఖానాలో
వేలెడేసి చేపల్ని
ఒకదాని తల ఇటు, ఒకదాని తల అటు పేర్చి
డబ్బాలు నింపినదాన్ని.
ఒళ్ళు వంచాను, కాదనను.
నడుం వంగింది, మెడ వంగింది.
మోకాళ్ళకి మాత్రం ఆ అవసరమే రాలేదు,
నిలబడే పని కదా.
ఆఖరి రోజు ఏప్రన్ విప్పుతూ అనుకున్నాను,
ఇక ఎవరికీ బరువు కాకూడదని.
నాలుగేళ్ళుగా ఆ మాట మీదే ఉన్నాను:
కుర్చీ, కిటికీ, మళ్ళీ కుర్చీ.

ఇప్పుడీ పిల్ల గుమ్మంలో నిలబడి
నన్ను బరువుగానే రమ్మంటోంది.

మా ఊరి ఉయ్యాలకి తాళ్ళుండవు.
దూలాలకి వేలాడే చెక్క పడవ అది.
అటు కొందరు, ఇటు కొందరు
ఎదురెదురుగా నిలబడి ఊగాలి.
ఆ చివర కల్యో,
లైట్‌హౌస్ ఉద్యోగం మానేసినవాడు, నూటపది కిలోలు.
ఈ చివర మిర్తెల్, దాని తమ్ముడు,
ఇంకో ఇద్దరు బక్కపిల్లలు.
ఉయ్యాల ఒక పక్కకి ఒరిగి అలిగి కూర్చుంది.

ఎక్కాను. అంటే, ఎక్కించారు.
చెప్పులు జారుతున్నాయని విడిచేశాను.
చెక్కలో పగటి వేడి దాక్కుని ఉంది.
అరికాళ్ళకి ఒక కబురు అంది
ఎన్నాళ్ళయిందో!

"దిగేటప్పుడు వంగు, అడుక్కి రాగానే లే."
మిర్తెల్ పాఠం అంతే.
మొదటిసారి ఆలస్యంగా వంగాను.
రెండోసారి తొందరపడి లేచాను.
కల్యో నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.
మూడోసారి కళ్ళు మూసుకున్నాను.
అట్టడుగున ఒక చోటుంది,
ఊపిరి బయటికి పోయి
ఇంకా లోపలికి రాని చోటు.
అక్కడ లేచాను.

కిర్రుమంది దూలం.
జునిపర్ పొదలు కిందికి జారిపోయాయి.
రోజూ కిటికీలోంచి దారప్పోగులా కనిపించే సముద్రం
దుప్పటంతై పరుచుకుంది.
నా నోట్లోంచి ఏదో కేక వచ్చింది,
ఎవరిదో అని చుట్టూ చూశాను.
కుడిచెయ్యి తల పక్కన కమ్మీ పట్టుకుని ఉంది!
ఎప్పుడెళ్ళిందో అంత పైకి, నన్నడక్కుండా.
చూశాను కదా,
వెంటనే దానికి నొప్పి గుర్తొచ్చింది.

మర్నాడు తొడలు పట్టేశాయి.
మెట్లు బాతులా దిగాను.
కొత్త నొప్పి మర్యాదస్తురాలు,
మూడు రోజులుండి వెళ్ళిపోయింది.
పాతదానిలా ఇంటికి తాళంచెవి అడగలేదు.

అప్పట్నుంచీ నీళ్ళు కాగేలోపు
పొయ్యి దగ్గర వంగి లేస్తున్నాను.
రొట్టె కోసం తెలియని సందులోంచి వెళ్తే
నీలం తలుపు, గుమ్మంలో మూడుకాళ్ళ కుక్క.
ఇన్నేళ్ళుగా అక్కడే ఉన్నాయట రెండూ.
ఒక పొద్దున ఒడ్డున నాచులో నడిచాను.
కుళ్ళు వాసన. పడ్డాను కూడా.
కురెస్సారెలో తియ్యూ నా చెయ్యి పైకెత్తి కొలిచి
పన్నెండు డిగ్రీలు పెరిగిందని రాసుకుంది,
ఏం చేశావని అడిగింది.
ఉయ్యాలన్నాను.
మోకాలికీ బోడిగుండుకీ ముడిపెడుతున్నాననుకుందేమో,
కళ్ళజోడు తీసి చూసింది.

ఇవాళ కల్యోకి జలుబు.
ఉయ్యాల దగ్గర పిల్లలు గోల పెడుతున్నారు.
వీధి చివర లైదా ఇంటికి వచ్చాను,
మార్చి నుంచీ తెర తియ్యని కిటికీ ఆమెది.
తలుపు కొట్టాను,
కుడిచేత్తో.

"ఎవరు?"
"నేనే, ఉర్వెని. బరువు కావాలి."
చాలాసేపు ఏమీ వినిపించలేదు.
తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు.
"నేను నలభై ఆరు కిలోలే."
"పర్లేదు,
బంగాళాదుంపల సంచీ కూడా పట్టుకుని రా."