ఎర్రబారిన మడి

అళంలో నీళ్ళు ఎర్రబడితే
రేపో మాపో ఉప్పు కడుతుందని మాయమ్మ లెక్క.
ఎందుకెర్రబడతాయే అంటే
"సముద్రం బయట చేరింది" అనేది,
కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది.

హుమ్మ అళాల్లో ముప్పై ఏళ్ళు చెక్కపలక లాగింది.
మేస్త్రి ఒడియావాడు. లుణ అంటే ఉప్పు, పాణి అంటే నీళ్ళు.
ఆ రెండు మాటల మధ్యే బతికేసింది.
పొద్దు వాలితే చాలు
గట్టు మీద నా భుజం తడుముకునేది.
రేచీకటి.
నీళ్ళు ఎర్రగా ఉన్నాయా గవిరీ అని నన్నే అడిగేది,
ఏడేళ్ళదాన్ని.
ఒక్కోసారి లేకపోయినా ఉన్నాయనేదాన్ని,
వేగిరం ఇంటికి పోవచ్చని.

ఇప్పుడు సగం మళ్ళు పూడ్చి సిమెంటు కాలవలు కట్టారు,
మొదలూ తుదీ లేకుండా.
తెడ్ల చక్రం రేయింబవళ్ళు నీళ్ళని తోస్తూనే ఉంటుంది.
బరంపురంలో నాలుగిళ్ళ పాచిపని చేసొచ్చిందాన్ని,
ఇక్కడ పాచే నా పని.
ఊళ్ళో వాళ్ళకి ఇదో వేళాకోళం.

లిప్సా మేడం చిన్నపిల్ల,
చెప్పులు విప్పి గట్టెక్కుతుంది, అందుకే నచ్చింది.
ఓరోజు గాజుపలక మీద ఒక్క చుక్కేసి
"దేఖొ మావుసీ" అంది.
కన్ను ఆనించాను.
చుక్కలో సంత!
కందిగింజలంతేసి, రెండేసి తోకలు ఆడించుకుంటూ.
"వీటికి గోడ ఉండదు" అంది.
తుపాను తరవాత మా ఇంటికీ లేదమ్మా, అన్నాను.
తను నవ్వలేదు.

ముందు పచ్చగా పెంచుతాం.
ఉప్పు తక్కువ, ఎరువు చారెడు, ముద్దు చేస్తాం.
తరవాత పస్తు పెడతాం.
ఎరువు ఆపి, ఉప్పు పెంచి
చైత్రం ఎండకి ఒగ్గేస్తాం.
గాజుపుల్ల ఇరవై దాటి తేలేసరికి
పచ్చ పసుపవుతుంది, పసుపు ఇటుకవుతుంది.
ఎండకి ఓర్చుకోడానికి
లోపల్లోపలే రంగు కూడబెట్టుకుంటుందట.
"బాధపెడితేనే సరుకు" అంటాడు మేనేజరు.
మేం కూడా ఉప్పులోనే నానాం కదా బాబూ,
మాకేం రంగు తేలింది?
అడగలేదు. ఆవేళ జీతాల రోజు.

యంత్రం గిర్రున తిరిగి నీళ్ళు పోతే
కుంకుమ ముద్ద మిగుల్తుంది.
ఆరబెట్టి, జల్లించి, డబ్బాల కెత్తుతాం.
కేకుల మీద రంగుకి, రొయ్యల మేతకి,
మాత్రల్లోకి.
మాత్రలు దేనికమ్మా?
"కళ్ళకి మావుసీ. రాత్రిళ్ళు కనపడనోళ్ళకి."

జల్లెడ చేతిలో అలాగే ఆగిపోయింది.

చీలమండల లోతు మందులో నిలబడి
మాయమ్మ
నా భుజం కోసం తడుముకుంది.

గేటు దగ్గర కాపలావాడు రోజూ చేతులు చూస్తాడు.
గోళ్ళ సందుల్లో ఎరుపు, ఎంత తోమినా పోదు.
"ఇది లెక్కలోకి రాదులే, పో" అన్నాడు.

పొద్దు వాలిపోయింది.
గట్టు మీద ఒక్కదాన్నే నడిచాను,
ఎడమ భుజం
అలవాటుగా
కొంచెం ఎత్తిపెట్టి.