ఏడో ప్రయోగం

తాళం తీస్తే సిరొంచ కాలేజీ ల్యాబులో
ఇప్పటికీ అదే వాసన:
అమ్మోనియా, తడిసిన టేకుబల్ల, ఎలుకలు.
దుర్గం పోచం మాత్రం లేడు.
పరీక్షనాళికలు కడిగి కడిగి
వేలిగీతలు పోగొట్టుకున్నవాడు,
వేలిముద్రల యంత్రం గుర్తుపట్టక
మూడుసార్లు వెనక్కి పంపిన మనిషి,
నవంబరులో రిటైరయ్యాడు.
ఆ పోస్టు మళ్లీ నింపలేదు.
బదులుగా ఒక లింకు వచ్చింది.

లింకులో అన్నీ ఉన్నాయి.
పగలని బ్యూరెట్టు, అయిపోని ఆసిడ్,
ఎవరు తిప్పినా సరిగ్గా పద్దెనిమిది పాయింట్ రెండు దగ్గర
గులాబీకి తిరిగే ద్రావణం.
గంటల లెక్కన జీతం తీసుకునే నేను
ఫోను ముందు కూర్చుని మరాఠీలో మొదలుపెట్టి
ఎక్కడో తెలుగులోకి జారిపోయి
అర్థమయ్యిందా, సమజ్లా కా, అంటాను.
పాతిక నల్లటి గళ్లు.
ఒక గడిలోంచి కోడి కూస్తుంది.

అది మైనీ తలండి గడి.
అసరెల్లి దాటి అడవిలో ఒక గుట్ట,
గుట్ట మీద తునికిచెట్టు.
దానికి ఆనుకుంటే రెండు గీతలు, ఒరిగితే ఒకటే.
గోదావరి ఆ గట్టు టవరు అందినప్పుడు
ఫోను తెలంగాణకు స్వాగతం పలుకుతుంది,
కాళ్లు మాత్రం ఇక్కడే, చీమలబారు మధ్య.

ఏడో ప్రయోగం, స్వేదనం.
తెర మీద గుండ్రటి ఫ్లాస్కు, కింద కాల్చని మంట.
డెబ్బై ఎనిమిది డిగ్రీల దగ్గర
చుక్క తర్వాత చుక్క తర్వాత చుక్క,
అన్నీ ఒకే సైజు.
"మేడం," అంది మైనీ.
మూడు నెలల్లో మొదటి మాట.
"వాసన ఎప్పుడొస్తది?"

ఎవరో నవ్వారు. నేనూ నవ్వబోయి ఆగాను.
సిలబస్‌లో ముక్కు లేదు.

శనివారం రాత్రి ఒక వీడియో వచ్చింది.
పద్నాలుగు నిమిషాలు;
పంపడానికి పూట పట్టి ఉంటుంది.
పొయ్యి మీద ఇప్పపువ్వు ఊరిన కుండ,
మూతి చుట్టూ బూడిద కలిపిన బంకమట్టి,
వెదురుగొట్టం, దాని చివర
నీళ్లతొట్టిలో కూర్చున్న ఇంకో కుండ.
నీళ్లు వేడెక్కినప్పుడల్లా
చెల్లెలు పరుగెత్తి మారుస్తోంది.
"ఇది కండెన్సర్," అంటుంది మైనీ గొంతు,
"ఇది మా అవ్వ."
అవ్వ మాడియాలో ఏదో కసిరింది.
"మొదలు కారింది పారబోయాలంట మేడం,
అది తలకాయకు మంచిది కాదంట."
మా పుస్తకంలో ఈ ముక్కకి అరపేజీ.
చివరికి అవ్వ నాలుగు చుక్కలు మంటలో చిలకరించింది.
నీలంగా లేచింది.
నా బొటనవేలు తెర మీంచి ఉలిక్కిపడి వెనక్కొచ్చింది.

ఇప్పుడేం చేయాలి?
మా జిల్లాలో సారా నిషేధం.
పోర్టల్లోకి ఎక్కిస్తే మార్కుల కన్నా ముందు జీపు వస్తుంది.
ఎక్కించకపోతే పిల్ల ఆబ్సెంటు.

పోచానికి ఫోను చేశాను.
అంతా విని చాలాసేపు పలకలేదు.
"తొట్టి నీళ్లు ఎన్నిసార్లు మార్చిన్రు?"
ఏడుసార్లు, అన్నాను. లెక్కపెట్టానని అప్పుడే నాకూ తెలిసింది.
"చెయ్యి తెలిసిన పిల్ల. థర్మామీటరున్నదా?"
లేదు.
"అయితే ఒక మార్కు కొయ్యి మేడం.
ల్యాబంటే ల్యాబే."

తొమ్మిది వేశాను.
వీడియో తుడిచేశాను, ఇంకోసారి చూసి.
పరిశీలనల గడిలో రాశాను:
రంగు లేదు. నీలిమంటతో మండును.
వాసన, అని రాసి ఆగిపోతే
ఆ పదం పక్కన గీత ఒకటి
ఆరుతూ వెలుగుతూ నిలబడింది.

సోమవారం స్టోరు బీరువా తెరిచాను.
థర్మామీటర్లు నాలుగు, అందులో ఒకటి పగిలింది.
మిగతావాటిని పాత రికార్డు కాగితాల్లో చుట్టాను.
అసరెల్లి బస్సు పదకొండున్నరకి.