తునికాకు చుట్టేది

తొలకరి పడ్డ మూడోనాడు
తాడ్వాయి దాటినంక రెండు చెట్ల నడుమ
తెల్లదుప్పటి కట్టి లైటు పెట్టినం.
ఎనిమిదింటికి ఉసిళ్లు, తొమ్మిదింటికి పేడపురుగులు,
పదిన్నరకు
బియ్యపు నూకంత బూడిదరంగు ఒకటి
వచ్చి దుప్పటి మూలకు కూచున్నది.

తబస్సుమ్ మేడం ఊపిరి బిగవట్టి
"ఇదే" అన్నది.
ఏదో చెప్పలే.

హన్మకొండ ల్యాబుల కలరా ఉండల వాసన కొట్టే
మూడో సొరుగుల దీని ముత్తవ్వ ఉన్నది,
అరవయ్యేండ్ల కింద సూది గుచ్చించుకొని.
కింద చీటీ: వరంగల్ జిల్లా, తునికి చెట్టు.
పేరుండాల్సిన చోట ప్రశ్నార్థకం,
సిరా వెలిసి మట్టిరంగైంది.

రెక్కల ఈనెలు లెక్కపెట్టి
ఒకాయన దీన్ని ఒక కుటుంబంల కలిపిండు.
మీసాలు చూసి ఇంకొకాయన వెళ్లగొట్టిండు.
పొట్టకొస కోసి, క్షారంల ఉడికించి,
గాజుపలక మీద పరిచి
ఏ తాళానికి ఏ చెవో చూసినాయన
కొత్త ఇంటిపేరు పెట్టి
పదేండ్లకు తనే కొట్టివేసుకున్నడు.
ఏ ఇంటి అన్నం తిన్నదని అడుగుదామంటే
రెక్కలొచ్చినంక దీనికి నోరే లేదు.

వాచర్ ఓదేలు బీడీ ఆర్పి తొంగిచూసిండు.
"గిదా?
మా రాజవ్వ దీన్ని తిట్టని ఎండకాలం లేదు మేడం.
తెంపబోతే ఆకు అప్పటికే చుట్టి ఉంటది,
లోపల పురుగు.
కల్లంల సేటు ఆ ఆకును లెక్కకు పట్టడు.
మనకంటె ముందుగాల బీడీ చుట్టింది ఇదే."

"మీరేమంటరు దీన్ని?"

"ఏమంటం? చుట్టేది."

మేడం నవ్వలే. నోటుబుక్కుల రాసుకున్నది.

నేను చీటీ మీద జిల్లా దగ్గర ఆగిన.
అప్పుడు వరంగల్. నడుమ భూపాలపల్లి. ఇప్పుడు ములుగు.
"మా ఇల్లు జానెడు జరగలే" అన్నడు ఓదేలు,
"జిల్లానే మా మీదికెళ్లి రెండుమాట్ల నడిచిపోయింది.
మీసేవల కూచోబెట్టి
ఒత్తిన వేళ్లే ఒత్తిచ్చిండ్రు."

సీసాల అది ఎక్కువసేపు కొట్టుకోలే.
పెన్సిల్‌తోని రాసిన: ములుగు జిల్లా, తునికి చెట్టు.
పేరు గీత మీద మొన ఆనిచ్చి తీసిన,
చుక్క పడ్డది.

అప్పుడే ఇంకొకటి వాలింది దుప్పటి మీద,
అదే నూక, అదే బూడిద.
నా చెయ్యి సీసా మీదికి పోయింది.
మేడం లైటు ఆపమన్నది.

వచ్చే ఎండకాలం
రాజవ్వ తిట్టబోయే ఆకుల దిక్కు
ఎటు పోయిందో,
చీకట్ల ఓదేలు మళ్లీ అగ్గిపుల్ల గీసేసరికి
దుప్పటి ఉత్తగ ఉన్నది.